మాసిన రెక్కలు

తిరువళ్ళూరు జిల్లాలోని చోళవరం పేరు చెబితే పెద్దవాళ్ళకు మోటారు పందేలు గుర్తుకు వస్తాయి. చాలా ఏండ్లపాటు అక్కడ కార్లు, మోటారు సైకిళ్ళు హోరెత్తించాయి. అయితే ఆ బాటను పందేల కోసం వేయలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు దిగడానికీ ఎగరడానికీ వేసిన బాట అది. తిరుత్తణికి దక్షిణాన, రైలులో కొద్దిసేపటి ప్రయాణంలో చేరుకోగల అరక్కోణంలోనూ ఆ యుద్ధకాలంలోనే ఒక విమానాల బాట ఏర్పడింది. తరువాత 1992లో భారత నౌకాదళం అక్కడ ‘ఐ.ఎన్.ఎస్. రాజాళి’ అనే విమాన స్థావరాన్ని ప్రారంభించింది.

ఎక్కడో ఐరోపాలో మొదలైన యుద్ధానికి మన వరిపొలాల నడుమ విమానాల బాటలు ఎందుకు? 1942 మార్చిలో జపాను సైన్యం రంగూను పట్టణాన్ని పట్టుకున్నది. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డు శత్రువు చేతిలోకి పోయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే మద్రాసు నగరం నుండి అనేక కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని ఊళ్ళకు తరలిపోయాయి. 1943 అక్టోబరులో ఒక జపాను విమానం రాత్రివేళ మద్రాసు మీద కూడా కొన్ని బాంబులు వదిలి వెళ్ళింది. మన తాతల కాలంలో యుద్ధమంటే వార్తాపత్రికలో చదివే విషయం మాత్రమే కాదు. తలెత్తి ఆకాశంలోకి చూడవలసిన విషయం.

ఆనాటి యుద్ధవిమానాలలో ఒకదానికి చిన్న నమూనా చేయడం ఎలాగో, చేసిన నమూనాకు ‘పాతదనం’ ఎలా తేవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఏ విమానాన్ని ఎంచుకోవాలి? ప్రపంచంలో నమూనాలు చేసేవాళ్ళలో ఎక్కువమంది స్పిట్‌ఫైర్‌ను ఎంచుకుంటారు. అందమైన విమానమే, కాదనలేము. కాని మనకు ఇంకా దగ్గరి చుట్టం ఒకటి ఉన్నది. దాని పేరు హరికేన్.

ఆ చుట్టరికం ఇలా ఏర్పడింది. యుద్ధం నడుస్తున్నప్పుడు బ్రిటిషు సామ్రాజ్యంలోని రాష్ట్రాల నుండి, సంస్థానాల నుండి విమానాల కోసం విరాళాలు వసూలు చేశారు. ఒక్కొక్క యుద్ధవిమానానికి 5,000 పౌండ్లని లెక్క కట్టారు. పెద్ద మొత్తం ఇచ్చిన ప్రాంతం పేరును ఒక విమాన దళానికి పెట్టేవారు. హైదరాబాదు నిజాము ఇచ్చిన ధనానికి గుర్తుగా 152వ దళం ‘హైదరాబాదు దళం’ అయింది. దాని చిహ్నంలో నిజాము తలపాగాను చూడవచ్చు. అలాగే 79వ దళానికి ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అనే పేరు వచ్చింది. అప్పట్లో తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. రెండు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనివే. 1960లోనే తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి తమిళనాటిలో కలిసింది. అంటే, అటు విశాఖపట్నం మొదలుకొని ఇటు మన తాలూకాల వరకు అందరికీ చెందిన పేరును ఆ దళం మోసింది.

79వ దళం 1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడి, 1942లో భారతదేశానికి వచ్చింది. బర్మా పశ్చిమ తీరమైన అరకాన్ యుద్ధంలో హరికేన్ విమానాలతో పాల్గొన్నది. 1944లో వాటిని విడిచి థండర్‌బోల్టు విమానాలకు మారింది. భారత వైమానిక దళం కూడా హరికేన్లతోనే బర్మా సరిహద్దులో పోరాడింది. 1944లో ఇంఫాల్ లోయను జపాను సేన చుట్టుముట్టినప్పుడు అక్కడి నుండి ఎగిరిన మన 1వ దళానికి అర్జన్ సింగ్ నాయకుడు. ఆయనే 1965 యుద్ధకాలంలో మన వైమానిక దళాధిపతిగా ఉన్నారు. ఢిల్లీలోని పాలం విమాన ప్రదర్శనశాలలో నేటికీ ఒక హరికేన్ ఉన్నది. వెళ్ళే అవకాశం కలిగినవాళ్ళు తప్పక చూడండి.

కాబట్టి మన నమూనా 79వ దళానికి చెందిన, 1943 నాటి హరికేన్. దళం, ఏడు, చోటు – ఈ మూడింటినీ ముందుగానే నిర్ణయించుకోవాలి. “ఏదో ఒక యుద్ధవిమానం” అని మొదలుపెడితే అది ఆటబొమ్మ అవుతుంది. ఆటబొమ్మను తక్కువ చేసి చెప్పడం లేదు. కాని మన పని వేరు.

ఇక కొలతల సంగతి. విమాన నమూనాలు ఎక్కువగా 72వ వంతు పరిమాణంలో ఉంటాయి. ఈ వింత సంఖ్య అడుగులు, అంగుళాల లెక్క నుండి వచ్చింది. ఆరడుగుల మనిషి ఈ లెక్కలో సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. 1942లో అమెరికా నౌకాదళం ఇదే పరిమాణంలో ఐదు లక్షల నమూనాలు చేసి ఇమ్మని తమ దేశంలోని పాఠశాలల విద్యార్థులను కోరింది. మీ వయసు పిల్లలే చెక్కను చెక్కి, నల్లరంగు పూసి పంపారు. ఆకాశంలో కనిపించే విమానం మనదా, శత్రువుదా అని ఆకారాన్ని బట్టి గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి అవి ఉపయోగపడ్డాయి. వాటికి ఆకారం చాలు, రంగులు అక్కరలేదు. మనకు ఆకారంతోపాటు ఆయుష్షు కూడా కావాలి.

హరికేన్ రెక్కల ఈ చివర నుండి ఆ చివరకు 40 అడుగులు, అనగా సుమారు 12 మీటర్ల 19 సెంటీమీటర్లు. 72తో భాగిస్తే దాదాపు 17 సెంటీమీటర్లు వస్తుంది. పొడవు దాదాపు 13.7 సెంటీమీటర్లు. మీ తెలుగు వాచకం మీద ఇముడుతుంది. ఈ భాగాహారాన్ని ఇక్కడితో మరచిపోకండి. రంగులు వేసేటప్పుడు దీని అవసరం మళ్ళీ వస్తుంది.

నమూనాను రెండు విధాలుగా చేయవచ్చు. ప్లాస్టిక్ భాగాలతో వచ్చే పెట్టె కొనుక్కుంటే అందులో రెక్కలు, మొండెం, చక్రాలు అన్నీ ఒక చట్రానికి అంటుకొని ఉంటాయి. వాటిని విరవకూడదు, చిన్న బ్లేడుతో కోసి, కోసిన చోట సాండుపేపరుతో నున్నగా రుద్దాలి. బ్లేడు పని పెద్దల ఎదుటనే చేయండి. ప్లాస్టిక్ జిగురు వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. ఆ జిగురు అన్నం మెతుకులాగా రెండు ముక్కల మధ్య అంటుకొని ఊరుకోదు. రెండింటి అంచులనూ కొంచెం కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే ఎక్కువ పోస్తే భాగమే వంకరపోతుంది.

పెట్టె కొనలేనివాళ్ళు దిగులు పడనక్కరలేదు. మెత్తని కర్రతో చెక్కవచ్చు. కొండపల్లి బొమ్మలవాళ్ళు తేలికైన తెల్లపొనికి కర్రతో అంబారీ ఏనుగులను, దశావతారాలను చేస్తున్నారు గదా! వాళ్ళు కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకుతారు. కర్ర విమానానికి రెక్క, మొండెం కలిసే చోట పడే సందులను పూడ్చడానికి మక్కును మించినది లేదు. ఆరిన తరువాత రుద్దితే అతుకు ఎక్కడున్నదో వేలికి కూడా తెలియదు.

ఏ పద్ధతిలో చేసినా రెండు విషయాలలో జాగ్రత్త అవసరం. మొదటిది, చోదకుడు కూర్చునే గదికి మొండెం మూయకముందే రంగు వేయాలి. మూసిన తరువాత కుంచె లోపలికి పోదు. రెండవది, హరికేన్ రెక్కలు చివరలకు పోయేకొద్దీ కొద్దిగా పైకి లేచి ఉంటాయి. ఆ ఎత్తు రెండు వైపులా సమానంగా ఉండాలి. జిగురు ఆరేవరకు రెండు రెక్కల చివరల కింద ఒకే ఎత్తుగల అగ్గిపెట్టెలు పెట్టి ఉంచితే చాలు.

రంగుల విషయానికి వద్దాం. పైభాగంలో ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు మేఘాలవలె పెనవేసుకొని ఉంటాయి. పైనుండి చూసే శత్రువుకు అది నేలలో కలిసిపోవాలి. అడుగుభాగానికి లేతరంగు, కిందినుండి చూసేవాడికి ఆకాశంలో కలిసిపోవాలి. సీసాలోని రంగును ఉన్నదున్నట్లు పూస్తే చిన్న నమూనా మరీ నల్లగా కనిపిస్తుంది. తిరుత్తణి కొండను దూరాన రైలులోనుండి చూసినప్పుడు చెట్ల పచ్చదనం వెలిసినట్లు ఉంటుంది. దగ్గరికి వస్తే ముదురుతుంది. నమూనాను చూడడమంటే దూరం నుండి చూడడమే. కాబట్టి ప్రతి రంగులోనూ రెండు మూడు చుక్కల తెలుపు కలపాలి.

గుర్తుల దగ్గర మరింత ఎచ్చరిక కావాలి. బ్రిటిషు విమానాల మీద నీలం, తెలుపు, ఎరుపు వలయాలు ఉండేవని పుస్తకాలలో చూస్తాం. కాని జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. మెరుపువేగంతో పోయే విమానం మీద ఎరుపు కనిపిస్తే చాలు, శత్రువనుకొని సొంతవాళ్ళే కాల్చే ప్రమాదం ఉన్నది. అందువల్ల మన దేశంలోనూ బర్మాలోనూ పోరాడే విమానాల మీద ఎరుపును తీసివేశారు. కొంతకాలానికి ముదురు నీలం, లేత నీలం అనే రెండు రంగుల చిన్న వలయం స్థిరపడింది. రెక్కల మీదా తోక మీదా కనిపించే తెల్లని పట్టీలు యుద్ధపు చివరి దశలోనివి. 1943 నాటి నమూనాకు వాటిని వేయకూడదు. ఎన్నుకున్న ఏడు ఎంత పని చేస్తుందో చూశారా!

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకు చేసిన విమానం కొత్త పెండ్లికొడుకులా ఉంటుంది. యుద్ధంలో ఉన్న విమానం అలా ఉండదు. ఎండ, వాన, నూనె, పొగ, దుమ్ము, మనుషుల కాళ్ళు – అన్నీ దాని మీద తమ ముద్రలు వేస్తాయి. ఆ ముద్రలను నమూనాపై చూపడాన్ని నిపుణులు వెదరింగు అంటారు. మనం ‘వాడుక గుర్తులు’ అందాం.

వాడుక గుర్తులను నేర్చుకోవడానికి యుద్ధవిమానం అక్కరలేదు. తిరువళ్ళూరు బస్సు నిలయంలో ఒక పాత బస్సును పది నిమిషాలు గమనించండి. మెట్టు అంచున రంగు పోయి ఇనుము మెరుస్తున్నది. పట్టుకొనే కమ్మీ చేతుల రాపిడికి నున్నబడి ఉన్నది. బురద చక్రాల వెనుకనే చిమ్మింది, ముందు కాదు. కిటికీ కింద వాననీటి చారలు నిలువుగా దిగాయి. ఏ గుర్తూ ఊరక రాలేదు. ప్రతిదానికీ ఒక కారణం, ఒక దిక్కు ఉన్నాయి. విమానానికీ ఇదే నియమం.

హరికేన్‌లోకి చోదకుడు ఎడమవైపు నుండి ఎక్కుతాడు. కాబట్టి ఎడమ రెక్క మొండేన్ని కలిసే చోట బూట్ల రాపిడికి రంగు ఎక్కువగా అరిగిపోవాలి. అక్కడ రేకు బయటపడుతుంది. దీనికి వెండిరంగు పెన్సిలు చాలు. రెండు వైపులా ఒకే విధంగా అరగదీస్తే చూడడానికి ముచ్చటగా ఉంటుందేమో గాని, అది అబద్ధం.

యంత్రం ఇరుపక్కలా వరుసగా పొగగొట్టాలు ఉన్నాయి. ఎగిరేటప్పుడు గాలి వెనుకకు తోస్తుంది గనుక, పొగచార గొట్టాల నుండి మొదలై చోదకుడి గది కింది వైపుగా వెనుకకు సాగుతుంది. మన ఇండ్లలో గూటిలో దీపం పెట్టే చోట గోడను చూడండి. మంటకు దగ్గర మసి చిక్కగా, పోయేకొద్దీ పలుచగా ఉంటుంది. దీపపు మసి పైకి పాకుతుంది. విమానపు మసి వెనుకకు పాకుతుంది. తేడా అంతే. బొగ్గుపొడిని మెత్తగా నూరి, పొడికుంచెతో గొట్టాల దగ్గర అద్ది వెనుకకు ఈడ్చండి. మొత్తం నల్లగా చేయవద్దు. ఆనాటి పెట్రోలులో సీసం కలిసి ఉండేది. అది కాలినప్పుడు చారలో బూడిదవన్నె కూడా కలుస్తుంది. కాబట్టి బొగ్గుపొడి మీద కొంచెం చాక్‌పీసు పొడి అద్దాలి.

ఈ విమానానికి రెక్కకు రెండు చొప్పున నాలుగు ఫిరంగులు ఉంటాయి. కాల్చినప్పుడు ఖాళీ గుండ్ల తొడుగులు రెక్క కింది రంధ్రాల నుండి రాలుతాయి. కాబట్టి ఆ మసి అడుగున, రంధ్రాల వెనుక కనిపిస్తుంది. అలాగే యంత్రపు నూనె కారి పొట్ట కింద పరుచుకొంటుంది. నమూనాను తిప్పి అడుగు చూసేవాళ్ళు తక్కువ. అయినా వేయాలి.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది పట్టించుకోరు. హరికేన్ అంతా లోహం కాదు. ముందుభాగం, రెక్కలు రేకుతో కప్పినవే గాని, చోదకుడి వెనుక మొండెమంతా నేసిన బట్ట! లోహపు గొట్టాల చట్రం మీద కర్ర బద్దలు కట్టి, వాటిపై అవిసెనార బట్ట తొడిగి, ‘డోపు’ అనే పూత పూస్తారు. పూత ఆరేకొద్దీ బట్ట బిగిసి డోలు చర్మంలాగా అవుతుంది. పొదటూరుపేట మగ్గాల నడుమ పెరిగిన పిల్లలకు ఈ మాట వింటే సంతోషం కలుగుతుంది. గంటకు మూడువందల మైళ్ళకు మించిన వేగంతో పోయిన విమానంలో సగం మొండెం నేతపనే.

అయితే ఆలోచించండి. బట్ట మీద రంగు రాలితే లోపల ఏమి కనిపిస్తుంది? బట్టే కనిపిస్తుంది, వెండిలాంటి రేకు కనిపించదు. తోకవైపు వెండిచుక్కలు పెట్టిన హరికేన్ నమూనాలు పోటీలలో కూడా కనిపిస్తుంటాయి. ఎంత నేర్పుగా చేసినా అవి తప్పే. బట్టభాగంలో కనిపించవలసినవి వేరు: ఎండకు వెలిసిన రంగు, బద్దల మధ్య కొద్దిగా లోపలికి జారిన బట్ట నీడలు, మాసికలు. తూటా తగిలి బట్ట చిరిగితే దానిపై కొత్తబట్ట ముక్క అతికి డోపు పూసేవారు. పాతచొక్కాకు మాసిక వేసినట్లే! మాసిక మీది రంగు కొత్తది గనుక చుట్టూ ఉన్న వెలిసిన రంగులో అది ముదురుగా కనిపిస్తుంది. నమూనా తోకవైపు ఒకటి రెండు చిన్న చదరాలను తెలుపు కలపని రంగుతో వేస్తే చాలు. అది శత్రువు తూటానూ చెబుతుంది. రాత్రికి రాత్రి దాన్ని బాగుచేసిన మనిషినీ చెబుతుంది. విమానం నడిపినవాళ్ళకు పతకాలు వచ్చాయి. మాసిక వేసినవాళ్ళకు ఆ మాసికే గుర్తు.

దుమ్ము గురించి కూడా ఒక మాట. చేతికి అందుతున్నది గదా అని మన ఎర్రమట్టిని చక్రాలకు పూయకండి. అరకాన్ యుద్ధానికి చాలా విమానాల బాటలను తీరప్రాంతపు వరిపొలాల గట్లు చదును చేసి వేశారు. ఎండకాలంలో పనికివచ్చి, వానలు పడితే బురదమడులయ్యే బాటలవి. ఆ మట్టి వండలిమట్టి, లేత గోధుమవన్నె కలది. చక్రాలకు, వాటి కాళ్ళకు, రెక్కల వెనుక అంచుల కింద మాత్రం పలుచగా తగిలించండి.

ఎంత వేయాలి అనేది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఇక్కడే ఆ 72 మళ్ళీ పనికివస్తుంది. నమూనాపై ఒక మిల్లీమీటరు చుక్క పెట్టారనుకోండి. అసలు విమానంపై అది 7 సెంటీమీటర్లకు మించిన మచ్చ. అరచేయంత రంగు ఊడిపోయిందన్నమాట! నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుండి చూస్తే, అసలు విమానాన్ని 21 మీటర్లకు పైగా దూరం నుండి చూసినట్లు. అంత దూరం నుండి గోరంత గీత కనబడుతుందా? కనబడదు. కాబట్టి కుంచెతో చుక్కలు పెట్టడం మాని, చిన్న స్పాంజి ముక్కను రంగులో ముంచి, కాగితంపై అద్ది, దాదాపు ఏమీ మిగలనప్పుడు నమూనాకు తాకించాలి. ప్రతి పొర తరువాత ఒక రోజు ఆగి, పగటి వెలుగులో చూడాలి.

ఈ మధ్య నమూనాలను మరీ మసిబారేలా చేయడం ఒక వేడుకగా మారింది. ఫోటోలో ఆకర్షణగా ఉంటుందని అలా చేస్తారు. ఈ రచయితకు అది నచ్చదు. రంగు గరుకెక్కితే విమానం వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ప్రాణం పోతుంది. అందుకే కింది సిబ్బంది తీరిక దొరికినప్పుడల్లా విమానాన్ని తుడిచి శుభ్రం చేసేవాళ్ళు. శుభ్రం చేసినా పోని గుర్తులు మాత్రమే మన నమూనాపై ఉండాలి. సందేహం వస్తే ఆ కాలపు ఫోటోను చూడాలి. ఫోటోలో లేనిది, కారణం చెప్పలేనిది వేయకుండా విడిచిపెట్టాలి.

పూర్తయిన విమానాన్ని దసరా బొమ్మల కొలువులో కింది మెట్టున పెట్టినా, పాఠశాల ప్రదర్శనలో బల్లపై పెట్టినా, దాని పక్కన ఒక చిన్న అట్టముక్క ఉంచండి. దానిపై ఇలా రాయండి: “హరికేన్. 79వ (మద్రాసు ప్రెసిడెన్సీ) దళం. అరకాన్ తీరం, 1943. 72వ వంతు.” చూడవచ్చినవాళ్ళు ఎడమ రెక్క మాత్రమే ఎందుకు అరిగిందని అడుగుతారు. తోక దగ్గర ఆ ముదురు చదరం ఏమిటని అడుగుతారు. అప్పుడు మీరు చెప్పవచ్చు.

అభ్యాసం

1. చోళవరం, అరక్కోణం ప్రాంతాలలో యుద్ధకాలంలో విమానాల బాటలు ఎందుకు అవసరమయ్యాయి?
2. బర్మా యుద్ధంలో విమానాల గుర్తుల నుండి ఎరుపు రంగును ఎందుకు తొలగించారు?
3. నమూనాపై అర మిల్లీమీటరు వెడల్పుగల గీత అసలు విమానంపై ఎంత వెడల్పు ఉంటుంది? లెక్కకట్టి చెప్పండి.
4. హరికేన్ తోకభాగంపై వెండిచుక్కలు పెట్టడం ఎందుకు తప్పు?
5. మాసిన, మాసిక – ఈ రెండు పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.
6. మీ ఇంటిలోని పాత సైకిలునో, కుట్టుమిషనునో గమనించి, దానిపై కనిపించే ఐదు వాడుక గుర్తులను, వాటి కారణాలను పది వాక్యాలలో రాయండి.